బాయిలర్ పరీక్షకు విజయ రాసుకున్న నోట్సు

తొండియార్‌పేటలో విజయ తెల్లవారుజామునే లేచి బాయిలర్ పుస్తకం ముందేసుకుని కూర్చునేది. తిరువొత్తియూరు సబ్బు ఫ్యాక్టరీలో, బాయిలర్ దగ్గర ఆరేళ్లుగా హెల్పరు. సర్టిఫికెట్ పరీక్ష రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే పని పోతుందని కాయితం వచ్చింది.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులోకి ఎక్కించేది. అర్థం చేసుకోకుండా రాసిన అక్షరాలు కాసేపటికి లేచి, చీమల్లా వరసకట్టి, కాగితం దిగి వెళ్లిపోయేవి. అత్త చెంగమ్మ వాటిని చీపురుతో గడప దాటించేది. పక్కింటి మునియక్క గోడమీంచి కేకేసేది: "మీ అక్షరాలు మా దోసెపిండిలో పడతా ఉండాయి, చూసుకోండమ్మా!"

నెలలో నాలుగు నోటుబుక్కులు ఖాళీ అయ్యాయి. ఐదోది తెరిచినప్పుడు విజయ పద్ధతి మార్చింది. ఒక పేజీ చదవడం, పుస్తకం మూసేయడం, చదివింది అత్తకు చెప్పడం. చెంగమ్మకు చదువు రాదు గానీ ప్రశ్నలకు కొదవలేదు.

"సేఫ్టీ వాల్వంటే ఏందిమే?"

"ఆవిరి ఎక్కువైతే దానంతటదే తెరుచుకుంటాది అత్తా. కుక్కర్ వెయిటు మాదిరి."

"అట్ట చెప్పు. ఇప్పుడు రాసుకో."

ఆ మాటలే రాసింది. అక్షరాలు కదల్లేదు. మర్నాడు పనికెళ్లే రైల్లో, నోట్సు తెరవకుండా అంతా తలచుకుని, గుర్తురానివి మాత్రం మళ్లీ చదివింది. వారం పోయాక ఇంకోసారి.

గేజి గ్లాసులో బాయిలర్ నీటిమట్టం చూసే పాఠం ఒక్కటే నిలవలేదు. ఎనిమిదిసార్లు రాస్తే ఎనిమిదిసార్లూ దిగిపోయింది. తొమ్మిదోసారి విజయకు పంతం పుట్టి, అక్షరాల వెనకే నడిచింది. అవి వంటింట్లోకి పోయి ఇడ్లీ పాత్ర చుట్టూ ఆగాయి. పాత్రలో నాణెం టకటకమంటోంది.

"నాణెం ఎందుకేస్తావత్తా?"

"నీళ్లుండేదాకా ఆడతా ఉంటాది. చప్పుడు ఆగితే నీళ్లు అయిపోయినట్టు. మంట ఆర్పేయాల."

"ఆర్పకుండా నీళ్లు పోస్తే?"

"ఎర్రగా కాలిన దానిమీద చన్నీళ్లా? ఆవిరి మొగాన కొట్టదూ!"

విజయ పొయ్యి గట్టుమీదే నోటుబుక్కు పెట్టి రాయసాగింది. అక్షరాలు ఒక్కొక్కటే గట్టెక్కి, వచ్చి తమ చోట కూర్చున్నాయి.

పరీక్ష గదిలో అధికారి అడిగాడు: "గేజి గ్లాసులో నీళ్లు కనబడ్డంలేదు. ఏం చేస్తావమ్మా?"

"ముందు మంట ఆపేస్తాను సార్. చన్నీళ్లు మాత్రం లోపలికి వదలను." ఎందుకో కూడా చెప్పింది, ఇడ్లీ పాత్రతో సహా.

ఆయన నవ్వలేదు. "పని ఆగిపోయిందని పైవాళ్లు తిడితే?"

"తిట్టనీండి సార్. మనుషులుంటే సబ్బులు రేపు చేసుకోవచ్చు."

అధికారి ఆమె కాయితంమీద పాసని రాసి సంతకం పెట్టాడు. తర్వాతి నెల మొదటి షిఫ్టులో బాయిలర్ వెలిగించింది విజయే.