మూడో షిఫ్టు ఆఖరి పాట

కచేరీలో మొదటి మూడు పాటలూ మునీంద్ర ఒక కీని తాకకుండానే నెట్టుకొచ్చాడు. సింథసైజర్ మధ్యలో ఉన్న ఆ తెల్ల కీ నొక్కితే వెంటనే పైకి లేవడం లేదని సౌండ్ చెక్‌లోనే తెలిసింది. దాని సందులో కుంకుమ ఇరుక్కుని ఉంది. భయంతో ఎవరికీ చెప్పలేదు.

ఏమని చెబుతాడు? నిన్న ఆయుధపూజ. హెబ్బగోడి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లమ్మ సొన్నమ్మ ఏటా ఇంట్లో కుట్టుమిషనుకు పూజ చేస్తుంది. ఈసారి కొడుకు సింథ్‌ను కూడా దాని పక్కన పెట్టి, బొట్లు పెట్టి, తీర్థం చల్లింది. ఏడు నెలలుగా దాన్ని ఆటబొమ్మ అని తీసిపారేసిన మనిషి! ‘ఇదీ నీకు అన్నం పెట్టేదే కదప్పా’ అంటుంటే మునీంద్రకు కడుపు నిండిపోయింది. లోపలికి నీళ్లు దిగుతాయన్న ఆలోచన ఆ సంబరంలో ఎటు పోయిందో.

మునీంద్ర వాళ్ల బ్యాండ్ పేరు మూడో షిఫ్టు. చైత్ర పాడుతుంది, శామ్యూల్ డ్రమ్ మెషిన్ చూసుకుంటాడు. ఈ కచేరీ నచ్చితే ఆల్బమ్ చేయిస్తానన్న మ్యూజిక్ కంపెనీ మనిషి వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు. ముందు వరసలో పండగ చీరతో సొన్నమ్మ కూర్చుంది.

ఆఖరి పాటలో ఆ కీ తప్పదు. చైత్ర గొంతు పైకెక్కగానే నొక్కాడు. అది లేవలేదు. ఒకటే స్వరం హాలంతా సాగింది. గోరుతో పీకినా రాలేదు. చైత్ర శ్రుతి తప్పి ఆపేసింది. ఎవరో నవ్వారు. శామ్యూల్ వచ్చి వైరు పీకేశాడు. కీల మీదికి వంగి, వేలికంటిన తడి కుంకుమ చూసి, అందరి ముందే అడిగాడు.

“దీని మీద నీళ్లెవరు పోశార్రా?”

సొన్నమ్మ లేచి నిలబడింది. ఆమె నోరు తెరిచేలోపే మునీంద్ర అన్నాడు.

“నేనే. పూజ చేసినా.”

కంపెనీ మనిషి అప్పటికే వెళ్లిపోయాడు. ఇంకెప్పుడూ తనకు ఫోన్ చెయ్యొద్దని చెప్పి చైత్ర కూడా వెళ్లింది. శామ్యూల్ తన సామాను సర్దుకున్నాడు. అంతటితో మూడో షిఫ్టు కథ ముగిసింది.

హెబ్బగోడి బస్సులో సొన్నమ్మ సింథ్‌ను ఒళ్లో పెట్టుకుంది. పొడి కొంగుతో ఆ కీ సందు తుడుస్తూనే ఉంది. తలెత్తకుండానే అంది.

“ఇంకా బొమ్మే అనుకొనింటే తీర్తం చల్లిందునా అప్పా నేను?”

మునీంద్ర ఆమె చెయ్యి పట్టుకున్నాడు.