తేనెపెట్టెలకు ఆయుధపూజ

మహానవమి నాటి మధ్యాహ్నం సుందరమ్మను చూసినవాళ్ళెవరైనా ఈమె సుందరమ్మ కాదు, సుందరమ్మ అక్క అనుకునేవాళ్ళు. ఎడమకన్ను సగం మూసుకుపోయింది. పైపెదవి బూరెలా పొంగింది. మెడ మీద, చేతుల మీద, చెంప మీద, ఎక్కడ చూసినా దద్దుర్లే. మిద్దె మీది పెట్టెల్లో తేనెటీగలు చేసిన నిర్వాకం అది.

అయితే ఆమె ఏడుపు కుట్టినందుకు కాదు. కుట్టిన ఈగలున్న నాలుగు పెట్టెలూ సాయంత్రానికి టెంపో ఎక్కి బండ్రి అనే ఊరికి వెళ్ళిపోతున్నాయి, అందుకు. అవి పోతే మొగుడు మళ్ళీ మూగవాడైపోతాడు. ఇదేం విడ్డూరమమ్మా, కుట్టిన ఈగలు పోతే పీడా పోయిందనుకోక అంటారా? అదే చెప్పబోతున్నాను, కాస్త ఓపిక పట్టండి.

సుందరమ్మ మొగుడు గురురాజకు బళ్ళారి బజారులో గోనెసంచుల అంగడి ఉండేది. తాతల నాటిది. పొద్దున అంగడి తలుపు తెరిస్తే రైతులతో కన్నడంలో, సావుకార్లతో తెలుగులో, హమాలీలతో ఉర్దూలో, రాత్రి తాళం వేసేదాకా నోటికి విశ్రాంతి ఉండేది కాదు. మోకాళ్ళు అరిగిపోయాక అంగడిని తమ్ముడికి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడంటే కూర్చున్నాడు, అంతే. ఎనిమిది నెలల పాటు ఆ మనిషి నోటి నుంచి "కాఫీ", "చాలు" అనే రెండు మాటలు తప్ప మూడోది రాలేదు. సుందరమ్మ మొక్కని దేవుడు లేడు. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే అక్కడా "చాలు" అనే అన్నాడు.

అప్పుడు వచ్చాడు కెంచప్ప. బండ్రిలో తేనెటీగలు సాకే మనిషి, అంగట్లో పాత సంచులు కొనుక్కుపోయేవాడు. పెట్టెల దగ్గర పొగ పెట్టడానికి గోనెపట్టాను మించింది లేదట. "ఇంట్ల సుమ్నె, ఊరికే కూర్చుంటే ఎట్ల సావుకార్రే" అని ఒక పెట్టె తెచ్చి, మిద్దె మీదికి వాలిన కానుగచెట్టు నీడలో పెట్టి పోయాడు. సుందరమ్మకు ఈగలంటే ప్రాణభయం. ఆ రోజే వేలు చూపించి మరీ చెప్పింది.

"ఇదో, చెప్తాండా వినండి. ఈ ఇంట్లో ఒక్క మనిషిని కుట్టినాయంటే ఆ పొద్దే అవి బండ్రికి పోవల్ల."

గురురాజ నోరు విప్పకుండానే ఆమె అరచేతిలో చెయ్యి వేశాడు. వ్యాపారస్తుడి మాట, దానికి కాగితం అక్కర్లేదు.

సరిగ్గా వారం తర్వాత ఆయన మిద్దె దిగి వంటింటి గడప దగ్గర నిలబడి, "సుందరీ, ఈపొద్దు ఏమైందో తెలుసునా?" అన్నాడు. ఆమె చేతిలో గరిటె జారి సాంబారులో పడింది. ఎనిమిది నెలల తర్వాత విన్న మూడో మాట అది. ఏమైందో ఆమెకు ఈనాటికీ తెలీదు, ఎందుకంటే ఆ సంతోషంలో ఆమె వినలేదు. "ఊఁ" అని మాత్రం అంది.

ఆ "ఊఁ" మూడేళ్ళు సాగింది. ఒక పెట్టె నాలుగయింది. ఆయన రోజూ గంటసేపు ఈగల పురాణం చెప్పడం, ఈమె చిక్కుడుకాయలు తుంచుకుంటూనో, టీవీ వైపు ఓరగా చూస్తూనో ఊఁ కొట్టడం. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయడానికైనా ముందు ఈ చెవిలో పడాలి కదా, అదీ పడేది కాదు పాపం. ఆయన గొంతు ఇంట్లో వినబడుతుంటే చాలు ఆమెకు. అట్లాగని పైకి ఒప్పుకుంటుందా? "నాకు సవతులు, ఒకరా ఇద్దరా, పెట్టెల నిండా!" అని పక్కింటి దురుగమ్మతో దెప్పుతూనే ఉండేది.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు ఆయన చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి లాక్కుపోయాడు. పెట్టె గుమ్మం దగ్గర రెండు ఈగలు ఒకదాన్నొకటి కరచుకుని దొర్లుతున్నాయి.

"చూడు, కొట్లాట! ఆ నున్నగ ఉండేది దొంగ. పక్క పెట్టెది. ఇప్పుడు పూలు లేవు గదా, కష్టపడకుండా తేనె ఎత్తుకపోదామని వచ్చినాది. ఇది కావలిది. ఒక్కో పెట్టెకు ఒక్కో వాసన, వాసన చూస్తానే కనిపెడతాది, ఇది మన ఇంటిది కాదని. చూడు, కుట్టె!"

కావలి ఈగ పొట్ట వంచి పొడిచింది. దొంగ ఈగ కాళ్ళు కొట్టుకుని కదలకుండా పడిపోయింది.

"కుట్టినాక ఇది గూడా చస్తాదా?" అని అడిగింది సుందరమ్మ, ఏదో ఒకటి అడగకపోతే బాగుండదని.

గురురాజ ముఖం వెలిగిపోయింది. "అదే చెప్తాండా! చావదు. ముల్లుకు రంపం పండ్ల మాదిరి కొక్కీలుంటాయి. మన తోలు సాగేది గదా, గుచ్చితే ఇరుక్కుంటాది. ఈగ ఎగిరితే ముల్లు, విషం తిత్తి, పేగుల్తో సహా ఊడి మన ఒంట్లోనే ఉండిపోతాయి. ఈగ సచ్చిపోతాది. ఇంకో ఈగను కుడితే అట్ల గాదు, సందు చూసి గుచ్చి, మళ్ళ ఈడ్చుకుంటాది. వాటిలో అవి ఎన్నిసార్లు కుట్టుకున్నా కుట్టినదానికేం కాదు."

"మన మాదిరే," అంది సుందరమ్మ.

ఆయన విరగబడి నవ్వాడు. "మరి రాణి ముల్లు ఉండాదే, అది నున్నగ ఉంటాది. అయినా మనుషుల జోలికి రాదు. ఇంకో రాణి ఎదురైతేనే ముల్లు తీస్తాది."

"ఒక వంటింట్లో ఇద్దరు యజమానమ్మలంటే అంతే మరి." పన్నెండేళ్ళు అత్తగారితో ఒకే పొయ్యి దగ్గర వండిన సుందరమ్మ ఈసారి మనస్ఫూర్తిగా అంది.

"ఇంకోటి విను. కుట్టిన చోట ఒక వాసన వస్తాది. ఆ వాసన ఎట్లుంటాదంటే..." అని ఆయన అందుకునేసరికి సుందరమ్మకు పొయ్యి మీది పాలు గుర్తొచ్చాయి. "ఊఁ, ఊఁ" అంటూనే మెట్లు దిగిపోయింది. పాలు పొంగనే పొంగాయి. ఆ వాసన ఎట్లుంటుందో ఆమె వినలేదు.

ఇక నవమి నాటి సంగతి. బళ్ళారిలో ఆయుధపూజంటే ఆటో నుంచి ఆకురాయి దాకా అన్నిటికీ పండగే. అంగట్లో పూజకని గురురాజ పొద్దున్నే తమ్ముడి దగ్గరికి పోయాడు. సుందరమ్మ ఇంట్లో కుట్టుమిషనుకు, మిక్సీకి, స్కూటరుకు, ఆయన పాత గోనెసూదికి కూడా పసుపు కుంకుమ పెట్టి, చెండుపూలు వేసి, హారతిచ్చింది. పళ్ళెంలో ఇంకా పూలు మిగిలాయి. అప్పుడు తోచిందామెకు. కూడు పెట్టినవాటికి పూజ చేస్తిమి సరే, మొగుడికి మాట తెచ్చిపెట్టినవాటి సంగతేమిటి? కళ్ళు చెమర్చాయి. ఆయన వచ్చి చూసి ఆశ్చర్యపోవాలని చెప్పాపెట్టకుండా మిద్దెక్కింది.

నాలుగు పెట్టెలకూ నాలుగు బొట్లు పెట్టింది. పూలు చుట్టింది. నైవేద్యానికి బాగా మాగిన ఏలకి అరటిపండ్లు ఉన్నాయి. పద్ధతి ప్రకారం ఒక్కోదాని కొస గిల్లి, ఒక్కోదానికి ఊదుబత్తి గుచ్చి, సరిగ్గా ఈగలు వచ్చిపోయే గుమ్మం ముందు పెట్టింది. అంత భక్తిగా ఏ గుళ్ళోనూ దండం పెట్టి ఉండదు. హారతిపాట ఎత్తుకోవడానికి నోరు తెరిచింది. మొదటిది పెదవి మీదే కుట్టింది.

తర్వాత జరిగింది చెప్పడానికి ఏముంది? కొంగు ముసుగేసుకుని, ఏడ్చుకుంటూ మెట్లన్నీ రెండు అంగల్లో దిగింది. అద్దం ముందు నిలబడి ముళ్ళన్నీ గోరుతో గీకేసి, సబ్బుతో కడుక్కుంది. అరగంట పోయాక అసలు భయం పట్టుకుంది. ఆయన వచ్చి ఆ బొట్లూ పూలూ చూస్తే? మూడేళ్ళుగా సవతులని తిట్టి దొంగచాటుగా వాటికి దండం పెట్టిందని తెలిస్తే జన్మంతా ఎగతాళే కదా! ఈగల పనికి ఆయన వాడే జాలీ టోపీ తగిలించుకుని, వానకోటు తొడుక్కుని, దేవుళ్ళందరినీ తలుచుకుంటూ పైకెక్కి, బొట్లు తుడిచి, పూలూ పండ్లూ బకెట్లోకి ఊడ్చి తెచ్చి మెట్ల కింద గోనెసంచుల వెనక దాచేసింది. తేలు కుట్టిన దొంగ నోరెత్తలేడంటారు, ఆ సామెత ఆ పూట సుందరమ్మకు బాగా అర్థమైంది.

గురురాజ వస్తూనే ఆమె ముఖం చూసి చేతిలో ప్రసాదం పొట్లం వదిలేశాడు.

"అయ్యో! ఏంది సుందరీ ఇది? పెట్టెలు కదిలిస్తివా? తలలో మల్లెపూలు పెట్టుకుని పోతివా? అత్తరేమన్నా..."

"లేదు. సుమ్నె బట్టలు ఆరేసేకి పోతిని. కుట్టె."

"ఏం చేయకుండానే కుట్టినాయా?"

"ఏం చేయకుండానే," అంది సుందరమ్మ, గోడ వైపు చూస్తూ.

ఆయన లోపలికి పోయాడు. సున్నం తెచ్చి ఒక్కో దద్దురు మీద మెల్లగా రాశాడు. "అవి ఊరికే కుట్టవని నీకు ఎన్నిసార్లు చెప్పింటిని. ప్రాణం పోతాదని తెలిసి ఎవరన్నా ఊరికే కుడతారా అని. వాటి తరపున జామీను నిలబడితి గదే. నిన్నే కుట్టె," అన్నాడు. లేచి కెంచప్పకు ఫోను చేశాడు. చీకటి పడే వేళకు ఈగలన్నీ గూటికి చేరాక పెట్టెలు మూసి ఎత్తాలి, టెంపో తెమ్మన్నాడు.

"పోనీలెండి, ఏదో ఒక తూరి..." అంది సుందరమ్మ.

"మాటంటే మాట."

ఆ తర్వాత ఆయన వరండాలో పాత కుర్చీలో కూర్చున్నాడు. మూడు గంటలకు ఆమె కాఫీ ఇచ్చి, ఇంకొంచెం పోయనా అని అడిగింది. "చాలు," అన్నాడు గురురాజ. మళ్ళీ ఆ పాత మాటే సుందరమ్మ చెవిన పడింది. కుట్టినప్పుడు కూడా అంత నొప్పి వేయలేదు.

సాయంత్రం కెంచప్ప టెంపో వచ్చి గేటు ముందు ఆగింది. పండగ కదా, బండికి రెండు పక్కలా అరటిపిలకలు, ముందు చెండుపూల దండ, అద్దం కింద ఒక పండిన అరటిగెల. కెంచప్ప దిగి, "ఏం సావుకార్రే, హబ్బ పూట ఇట్లాంటి పనికి పిలిచినారు?" అని సుందరమ్మను చూసి నాలుక కరుచుకున్నాడు.

గురురాజ టెంపో వైపు చూసి గబగబా మెట్లు దిగాడు. "కెంచప్పా, ముందు ఆ గెల తీసెయ్యప్పా! పెట్టెలెక్కించేటప్పుడు అరటిపండ్లా? ఈగ కుట్టినప్పుడు వచ్చేది అచ్చం మాగిన అరటిపండు వాసనే గదా. ఆ వాసన తగిలిందంటే మనోళ్ళను ఎవరో చంపుతాండారు, రండి అని పిలిచినట్టే వాటికి. ఊరంతా కుడతాయి!"

గడపలో నిలబడ్డ సుందరమ్మ చూపు మెట్ల కింద గోనెసంచుల వైపు పోయింది.

అంటే ఈగల తప్పు లేదు. తాను నాలుగు గుమ్మాల ముందు నాలుగు యుద్ధాలు పెట్టి, ఊదుబత్తి కూడా వెలిగించి వచ్చింది. ఆ మాట చెబితే పెట్టెలు ఉంటాయి. చెబితే ఇంకోటి కూడా బయటపడుతుంది. మూడేళ్ళుగా ఈ మనిషి తనకు చెప్తున్నాననుకుని గోడకు చెప్పుకున్నాడని తెలిసిపోతుంది. తెలిశాక ఇక నోరు విప్పుతాడా? అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి. కెంచప్ప తాడు భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచాడు.

"నిలబడప్పా!" అంది సుందరమ్మ. మెట్ల కిందికి వంగి బకెట్టు లాక్కొచ్చి మొగుడి కాళ్ళ ముందు పెట్టింది. వాడిన పూలు, గిల్లిన అరటిపండ్లు, సగం కాలిన ఊదుబత్తులు.

"మీ పెట్టెలకు పూజ చేసినా. పండ్లు గుమ్మం ముందరే పెడితి. వాటిదేం తప్పు లేదు, అబద్ధం చెప్పినా."

గురురాజ బకెట్టులోకి చూశాడు. "పూజ చేసినావా? నువ్వు? వాటికా?"

"ఆఁ, చేసినా! అవి వచ్చినాకే గదా మీరు మనిషైంది. ఆ ఎనిమిది నెలలు నేనెట్ల బతికితినో నాకు తెలుసు." ఉబ్బిన కంటి నుంచి కూడా నీళ్ళు కారాయి. "అరటిపండు సంగతి మీరు చెప్పే ఉంటారు. నేనే వినలేదు. అదొకటే గాదు, మూడేండ్లుగా ఏదీ వినలేదు. ఊఁ అంటా ఉంటి, అంతే. మీ గొంతు వింటాంటి గానీ మాటలు వినలేదు."

కెంచప్పకు ఉన్నట్టుండి టెంపో చక్రాల్లో గాలి చూడాల్సిన పని పడింది.

"నాకు తెలీదనుకుంటివా?" అన్నాడు గురురాజ. "రాణి దినానికి వందలకొద్దీ గుడ్లు పెడతాదే అంటే, అంత మందికి పెట్టేకి మనింట్లో గిన్నెలు యాడుండాయి అంటివి. చెప్పేకి ఒక మనిషి ఎదురుగా ఉండాది, అంతే చాల్లే అనుకుంటి." అంటూనే ఆమె చెయ్యి తీసుకుని సున్నం మచ్చల వైపు దగ్గరగా చూశాడు. "సరేగానీ, ఇన్ని చోట్ల కుట్టింటే ఒక్క ముల్లూ లేదే. ఎట్ల తీసినావు?"

"గోరుతో గీకేస్తి."

"పట్టి లాగలేదా?"

"లాగితే ఎట్ల? తిత్తిలో విషమంతా లోపలికి పిండుకోదూ? ఈగ పోయినా తిత్తి కొట్టుకుంటానే ఉంటాది, బిన్నా, ఆ క్షణమే గీకేయల్ల. గీకినాక సబ్బుతో కడగల్ల, లేకుంటే ఆ వాసనకు ఇంకో నాలుగు..." అని సుందరమ్మ ఆగిపోయింది.

"ఎవరు చెప్పినారు నీకు ఇదంతా?"

ఎప్పుడు విందో, చిక్కుడుకాయలు తుంచుతూ విందో, టీవీ చూస్తూ విందో, ఆమెకే తెలీదు. గురురాజ మాత్రం అంగట్లో పెద్ద బేరం కుదిరిన రోజుల్లో నవ్వే నవ్వు నవ్వాడు. ఆ నవ్వు వీధి చివరిదాకా వినబడింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"సావుకార్రే, పెట్టెలు?" అన్నాడు కెంచప్ప చక్రం దగ్గర్నుంచే.

"ఆయప్పను అడుగుతావేంది? మాట ఇచ్చింది నాకు," అంది సుందరమ్మ. "నేను వాపసు చేస్తాండా. పెట్టెలు యాడికీ పోవు. నువ్వు లోపలికి రాప్పా, హోళిగె తిందువు. ఆ గెల మాత్రం బండిలోనే ఉండనీ."

కెంచప్ప తిని, బకెట్టులోని పండ్లు కూడా దారిలో ఆవులకు పెడతానని తీసుకుని వెళ్ళాడు. గురురాజ వరండాలో కుర్చీని వంటింటి గడప దగ్గరికి జరుపుకున్నాడు.

"అయితే విను సుందరీ. ఆ వాసన ఎట్ల పుడతాదంటే..."

"ఒక్క నిమిషం," అంది సుందరమ్మ. లోపలికి వెళ్ళి పొయ్యి మీది పాలు దించి, స్టవ్ ఆపి, టీవీ ఆపి వచ్చి, ఆయనకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఊఁ," అంది, "ఇప్పుడు చెప్పండి."