మడతపెట్టిన వెట్‌సూట్

అటక మీంచి ఆ నల్లటి మూట దబ్బున కింద పడగానే అత్తగారు రెండడుగులు వెనక్కి గెంతింది. "అయ్యో అయ్యో, ఎవర్ని దాచావే పైన!" అని కేక పెట్టింది. తీరా చూస్తే అది మనిషి కాదు. కోడలు తొమ్మిదేళ్ల కిందట విప్పేసిన వెట్‌సూట్. మెడ నుంచి చీలమండల దాకా ఒంటికి అతుక్కుపోయేలా కుట్టిన నురుగు రబ్బరు తొడుగు.

ఓడరేవులో ఒకప్పుడు ఆ కోడల్ని అందరూ నీటికాకి అనేవారు. ఓడల అడుగున పేరుకున్న నాచు గీకడం, ఓడను ముందుకు తోసే ఫ్యానుకు చుట్టుకున్న తాళ్లు కోసెయ్యడం ఆమె పని. డైవర్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే. మామగారు పోయాక ఇంటి లాండ్రీ నడపడం భర్త ఒక్కడి వల్ల కాలేదు. ఆరు నెలలు సాయం చేసి వెళ్లిపోదామని ఆమె నీళ్లలోంచి పైకొచ్చింది. ఆ ఆరు నెలలు గడవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఇస్త్రీ ఆవిరిలో చెమటలు కక్కుతూ ఆమె రోజూ కలగన్నది మాత్రం చల్లటి ఉప్పునీళ్లనే.

నిన్న, బుధవారం, ఉతికిన యూనిఫారాలు ఇవ్వడానికి ఓడరేవు ఆఫీసుకు వెళ్తే అక్కడ గోడ మీద కాగితం కనిపించింది. డైవర్ ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. శనివారం పది గంటలకు పరీక్ష. నలభై ఐదు నిండినవాళ్లు రానక్కర్లేదు. గాలి సిలిండరు ఆఫీసువాళ్లే ఇస్తారు, సూటు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఆమెకు నలభై ఐదు నిండటానికి సరిగ్గా నెల ఉంది, పరీక్ష పెట్టేది ఏడాదికోసారి. కొత్త సూటు కుట్టించాలంటే రెండు నెలలు కావాలి. అరువు తెచ్చుకుందామంటే దొరికేవన్నీ మగవాళ్ల కొలతలు, ఒక్కోదాంట్లో ఆమెలాంటివాళ్లు ఇద్దరు పడతారు. ఈ పాత సూటు పనికొస్తే ఓడరేవు, పనికిరాకపోతే జీవితాంతం ఇస్త్రీ పెట్టె.

భర్త తుమ్ముకుంటూ నిచ్చెన దిగాడు. "చూశావా, ఎంత పదిలంగా దాచానో! నేనే మడతపెట్టి పైన ఇనప్పెట్టె పెట్టాను. అంచులు ఇప్పటికీ కలిసే ఉన్నాయి."

మడత అనగానే ఆమె గబగబా మూట విప్పింది. ఆయన ఉత్తముడే, కాదనలేం. కానీ మడతలేని వస్తువు కంటపడితే ఆయన చేతులు ఊరుకోవు. పెళ్లైన కొత్తలో ఆమె తల తుడుచుకుంటున్న తువ్వాలును సగంలో లాక్కుని మడతపెట్టిన ఘనుడు. ఈ రబ్బరు నిండా కంటికి కనపడని గాలి బుడగలుంటాయి, వెచ్చదనాన్ని కాపాడేవి అవే. అందుకే వెట్‌సూట్‌ను వెడల్పాటి కొయ్యకు వేలాడదీయాలి, లేదా వదులుగా చుట్టి పెట్టాలి. మడిచి పైన బరువు పెడితే మడత దగ్గర బుడగలన్నీ నలిగి చస్తాయి. ఈ సంగతి ఆయనకు చెప్పాలని తొమ్మిదేళ్ల కిందట ఆమెకూ తోచలేదు, ఆ రోజుల్లో ఆమె సూటు మొహం చూడలేకపోయింది.

బట్టలు మడిచే పొడుగాటి బల్ల మీద సూటును పరిచింది. వీపు దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలింది. రబ్బరు వెంటనే పొంగింది. ఛాతీ పొంగింది, భుజాలు పొంగాయి. మోకాళ్లు కాస్త బద్ధకంగానైనా పొంగాయి. ఆమెకు ఆశ పుట్టింది. నడుము దగ్గర, ఆయనగారి మడత సరిగ్గా పడ్డచోట, రెండు చేతులతో పట్టుకుని లాగింది. టప్‌మని చప్పుడైంది. జానెడు పొడుగున రబ్బరు నోరు తెరిచింది.

"చంపేశారు కదండీ!" అంది.

సూటు లోపలికి కాసిని నీళ్లు రావడం మామూలే. ఒంటి వేడికి అవి వెచ్చబడి దుప్పటిలా పనిచేస్తాయి. కానీ నడుము దగ్గర చిరుగుంటే వంగినప్పుడల్లా వెచ్చటి నీళ్లు బయటికి పోయి మంచులాంటి నీళ్లు లోపలికొస్తాయి. పావుగంటలో చేతులు కొయ్యబారిపోతాయి. నలభై నిమిషాల పరీక్షలో పావుగంట ఏ మూలకి?

ఆమె బల్ల అంచున కూలబడి ఏడ్చింది. భర్త చిరుగు రెండంచుల్నీ దగ్గరికి జరుపుతూ నిలబడ్డాడు. అత్తగారు కొడుకు మీద విరుచుకుపడింది. "మడత, మడత, మడత! మీ నాన్నా ఇంతే. నేను నిద్ర లేచేలోపు నా దుప్పటి మడిచేసేవాడు, నేను అందులో ఉండగానే! నోరు మూసుకుని నిలబడితే ఎలారా? ఏదో ఒకటి చెయ్యి."

ఏడుపయ్యాక ఆమె చెంపలు తుడుచుకుని లేచింది. చెప్పులు బాగుచేసే దుకాణానికి వెళ్లి రబ్బరు జిగురు తెచ్చింది. చిరుగు రెండు పెదవులకీ పల్చగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూసి, వేలికి అంటుకోనంతగా ఆరాక రెండింటినీ కలిపి నొక్కింది. ఉత్త జిగురు వంగితే ఊడుతుంది, పైన కుట్టు పడాలి. వంకర సూది తీసుకుని మొదలుపెట్టింది. మొదటి పోటుకే సూది అవతలికి తేలింది. రెండో పోటూ అంతే.

"అవతలికి రాకూడదా?" అని భర్త భయంభయంగా అడిగాడు.

"రాకూడదండీ. వచ్చిన ప్రతిచోటా ఒక బెజ్జమే. సగం మందం దాకా వెళ్లి వెనక్కి తిరగాలి. మా డైవర్ల మేస్త్రీ ఒక్కడికే వచ్చేది ఆ కుట్టు. పరీక్ష పెట్టేదీ ఆయనే, ఆయన్ని ఎలా అడుగుతాం?"

ఆయన సూదిని దగ్గరికి వంగి చూశాడు. "ఇది ప్యాంటు అంచు కుట్టే కదా!" అన్నాడు.

ప్యాంటు కాలు మడిచి కుట్టేటప్పుడు పైకి దారం కనపడకూడదు. సూది పైగుడ్డలో ఒక్క పోగును మాత్రం తాకి వెనక్కొచ్చెయ్యాలి. పాతికేళ్లుగా రోజుకు పది ప్యాంట్లకు తక్కువ కాకుండా కుట్టిన చెయ్యి అది. ఆయన సూది అందుకుని ముక్కు బల్లకు ఆనేంత వంగి కూర్చున్నాడు. సాయంత్రం దాకా తల ఎత్తలేదు. బట్టల కోసం వచ్చినవాళ్లను అత్తగారు గుమ్మంలోనే తగులుకుంది. "ఇవాళ చొక్కాల్లేవు, ప్యాంట్లు అసలే లేవు. ఒక్కరోజు నలిగినవి వేసుకుంటే మీ పుట్టేం మునగదులే, వెళ్లండి!"

మర్నాడు నడుము భాగాన్ని తొట్టిలా ఎత్తిపట్టి బిందెడు నీళ్లు పోశారు. ముగ్గురూ వంగి కింది నుంచి చూశారు. ఒక్క చుక్క రాలలేదు. భర్త తలెత్తేసరికి ఆమె ఆయన్నే చూస్తోంది. "మీ చేతులు చల్లగుండ!" అంది. కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు.

ఇక తొడుక్కోవడం. సబ్బునీళ్లు పూసుకున్నా తొడల దగ్గరికి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తొమ్మిదేళ్లలో రబ్బరు కాస్త ముడుచుకుంది, ఆమె కాస్త విచ్చుకుంది. ఉప్పు పట్టిన జిప్పుకు కొవ్వొత్తి రుద్ది, అత్తగారు కోడలి వీపు మీద మోకాలు ఆనించి మరీ లాగింది. "ఊపిరి బిగబట్టు అమ్మాయ్! ఇంకాస్త! అదీ, పడింది! ఇంక నువ్వు ఊపిరి పీల్చినా పీల్చకపోయినా నాకు సంబంధం లేదు."

శనివారం రేవు గట్టు మీద ముగ్గురు అభ్యర్థులున్నారు. మిగతా ఇద్దరూ ఆమె వయసులో సగం ఉన్న మగవాళ్లు, మెరిసిపోతున్న కొత్త సూట్లు. ఆమెను చూసి ఒకడు ఇంకొకణ్ణి మోచేత్తో పొడిచాడు. డైవర్ల మేస్త్రీ ఆమె చేతిలోని సూటు అందుకుని నడుము కుట్టు మీద గోరు పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరి దాకా గీశాడు. మెడ దగ్గర్నుంచి చెయ్యి దూర్చి లోపలి వైపు తడిమాడు. దారం తగల్లేదు.

"ఏమ్మా నీటికాకీ, ఎవరు కుట్టారిది?"

"మా ఆయనండీ."

"ఏ కంపెనీలో పనిచేస్తాడు?"

"లాండ్రీలోనండీ."

మేస్త్రీ నొసలు ముడిచాడు. "సరే, తొడుక్కుని దిగు. ఎలాంటి కుట్టో నీళ్లే చెప్తాయి. వణికితే మాత్రం ఒంటికి కట్టిన తాడు లాగు, మొండికెయ్యకు."

నీళ్లు నెత్తి మీద మూసుకోగానే జిప్పు పక్కనుంచి చలి సన్నగా పాకింది. ఆమెకు తెలిసిన చలే. కాసేపట్లో అది వెచ్చబడింది. అడుగున మురికి పచ్చటి మసకలో ఆమె వంతు పాత ఓడ ఫ్యాను, దాని రెక్కలకు మెలికలు తిరిగి బిగుసుకున్న లావుపాటి తాడు. నలభై నిమిషాల్లో అది విప్పితేనే ఉద్యోగం. మొదటిసారి నడుం వంచేటప్పుడు ఆమె పళ్లు బిగబట్టింది. ఏమీ కాలేదు. మళ్లీ వంగింది. నడుము వెచ్చగానే ఉంది. ఆ తర్వాత ఆమె సూటు సంగతే మర్చిపోయింది. వేళ్లకు పాత పనంతా గుర్తుంది. ఏ మెలిక ముందు కొయ్యాలో, ఏది తోసి వదులు చెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు. రెక్కల మధ్య బోర్లా దూరి, పక్కకు తిరిగి, రెండుగా వంగి, చివరి ముడి తెంపేసరికి ఆమెకు నీళ్లలోనే నవ్వొచ్చింది. ఇంత సంతోషంగా ఉండటం తన ఒంటికి ఇంకా వచ్చునని ఆమె అనుకోలేదు.

పైకొచ్చేసరికి మొదటి కుర్రాడు దుప్పట్లో వణుకుతున్నాడు, రెండోవాడి తాడు సగమే విడింది. ఆమె కోసిన తాడు మొత్తం గట్టు మీదకి విసిరింది. మేస్త్రీ గడియారం చూసుకుని, "ఇరవై ఎనిమిది నిమిషాలు" అన్నాడు. ఆమె పెదవుల రంగు చూశాడు, చేతులు పట్టుకుని చూశాడు. అవి వెచ్చగా ఉన్నాయి. "సోమవారం ఏడింటికి వచ్చెయ్. మీ ఆయన్ని ఒకసారి పంపించు, మా దగ్గర ఇంకో ఆరు సూట్లున్నాయి."

కంచె అవతల నిలబడ్డ అత్తగారికి ఆ మాట వినపడింది. "నా కోడలండీ!" అని రేవంతా అదిరేలా అరిచింది. దారినపోయే లారీ కూడా ఆగింది.

భర్త తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆమె ముక్కు మీంచి నీళ్లు కారుతున్నాయి, కళ్లలోంచి కూడా. "సోమవారం ఏడింటికి రమ్మన్నారండీ. మరి లాండ్రీ..."

"లాండ్రీకి రాకు" అన్నాడాయన. తువ్వాలు ఆమె భుజాల మీద కప్పి మళ్లీ అన్నాడు. "ఇంకెప్పుడూ రాకు. వచ్చావో, తలుపు తియ్యను."