వెస్కా పెద్దమ్మ ఆర్నెల్ల కాగితం

పది గంటలకి బడి వాళ్ళు వస్తామన్నారు. తొమ్మిదిన్నరకి రలిత్సా చిక్కుడు గింజల సూప్ కింద మంట తగ్గించి, వంటింటి కిటికీ మూసేసింది. వాసన బయటికి పోకూడదు. సంసారం ఉన్న ఇల్లన్నాక గుమ్మంలోకి రాగానే వంట వాసన కొట్టాలి కదా. ఆర్నెల్లుగా పొయ్యి వెలగని ఇల్లు అది.

"బ్రష్షులు తడిపావా?" అన్నాడు ఆమె మొగుడు కామెన్, స్నానాల గదిలోంచి.

"తడిపాను."

"తువ్వాళ్ళు?"

"అవీ తడిపాను. నన్ను కూడా తడపమంటావా?"

గుమ్మం దగ్గర మూడు జతల ఇంటి చెప్పులు వరసగా పెట్టారు. బాల్కనీలో ఉతికిన బట్టలు ఆరేశారు. ఫ్రిజ్జు మీద ఏడేళ్ళ నేదా వేసిన బొమ్మలు అతికించారు. ఇవన్నీ పొద్దున్నే ఆరు గంటలకి ఊరి చివర లూలిన్‌లోని తమ సొంత ఇంటి నుంచి మూడు పెద్ద సంచుల్లో మెట్రో రైలెక్కించి తెచ్చినవే. ఏడాదికి పది రోజులు కూడా ఉండని ఇంట్లో ఎప్పటినుంచో కాపురం ఉన్నట్టు కనబడాలంటే మాటలా మరి!

ఈ తంటా అంతా ఒక బడి కోసం. సోఫియా నడిబొడ్డున, గులాబి రంగు గోడలున్న పాత బడి. ఆ చుట్టుపక్కల వీధుల్లో కాపురమున్న పిల్లలకి మార్కులు ఎక్కువేస్తారు, ముందు వాళ్ళకే సీట్లు. అందుకే మూడేళ్ళ కిందటే కామెన్ పెద్దమ్మ వెస్కాని బతిమాలి, ఆమె ఇంటి చిరునామా మీద తమ ముగ్గురి పేర్లూ రాయించుకున్నారు. మా ఊళ్ళో ఇది చెయ్యనివాడు లేడు. అందరూ చేస్తారు, ఎవరూ చేశామనరు. చేసి దొరికిపోయినవాణ్ణి మాత్రం అందరూ కలిసి తిడతారు.

పోనీ గొప్ప కోసమా అంటే కాదు. నేదా ఇంట్లో వసపిట్ట. గడప దాటితే నోరు కుట్టేసినట్టే. నాలుగేళ్ళు కిండర్‌గార్టెన్‌లో ఉండి ఒక్క మాట, ఒకే ఒక్క మాట పైకి అనలేదు. మంచినీళ్ళు కావాలన్నా అడగదు. అడగలేక రెండుసార్లు బట్టలు తడుపుకుంటే, ఆ రోజు నుంచీ పిల్లలు దాన్ని 'చేప' అనడం మొదలుపెట్టారు. మాట నేర్పే టీచరు ఇలియానా అని ఒకావిడ వచ్చాక, పోయిన చలికాలం నేదా ఆవిడ చెవిలో గుసగుసగా నాలుగు మాటలు చెప్పింది. ఆ నాలుగు మాటలకే రలిత్సా ఆ రాత్రి ఏడ్చింది. తర్వాత నెల తిరక్కుండా ఇలియానా గులాబి గోడల బడికి మారిపోయింది. విడిగా చెబుతారా అని కాళ్ళా వేళ్ళా పడితే, బడి పిల్లలకే టైము చాలడం లేదమ్మా అంది.

లూలిన్ బడిలో తరగతికి ముప్ఫై మంది. మాట్లాడని పిల్లని వెనక బెంచీలో కూర్చోబెట్టి మర్చిపోతారు. రలిత్సాకి అదొక్కటే భయం. కూతుర్ని జనం మర్చిపోతారని.

తలుపు అవతల ఏదో చప్పుడైంది. ఇద్దరూ బిగుసుకుపోయారు. ఇంకా పది కూడా కాలేదే!

రలిత్సా చప్పున తలుపు తీసింది. ఎదురుగా అత్తగారు దోన్కా. నల్ల బట్టలు కట్టుకుని, ఒక చేత్తో బంక డబ్బా, ఇంకో చేత్తో కుంచె పట్టుకుని, తలుపు మీద కాగితం అతికిస్తోంది.

"అమ్మో! మీరేంటే ఇక్కడ?" అని దోన్కా గుండె మీద చెయ్యేసుకుంది. "దెయ్యాలేమో అనుకున్నా."

"మీరేంటి అత్తయ్యా ఇక్కడ?"

"ఇవాళ్టికి అక్క పోయి ఆర్నెల్లు కాదటే? కాగితాలు అంటించొద్దూ?"

నిజమే. మనిషి పోయిన నలభయ్యో రోజున, ఆరో నెలకీ, ఏడాదికీ చనిపోయినవాళ్ళ ఫొటో వేసి, కింద ఒక పద్యం రాయించి, తలుపుల మీదా స్తంభాల మీదా అంటించకపోతే మా వాళ్ళకి ముద్ద దిగదు. ఈ హడావుడిలో మొగుడూ పెళ్ళాలకి తేదీ గుర్తులేదు. బడి వాళ్ళు వస్తున్న సంగతి దోన్కాకి ఎవరూ చెప్పలేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టే చెప్పలేదు.

రలిత్సా కాగితం వంక చూసింది. వెస్కా పెద్దమ్మ ఫొటోలో నవ్వుతోంది. కింద పద్యం.

ఆరు నెలలాయె నువు లేక వెస్కా,
ఆగనే లేదు మా కంటినీరు.
చీకటి కిటికీ, తాళమేసిన తలుపు,
నీ ఇంట ఇప్పుడెవ్వరూ లేరు.

"నేనే రాశా," అంది దోన్కా గర్వంగా. "అచ్చువేసేవాడి దగ్గర పద్యాల పుస్తకం ఉందిలే. కానీ అన్నీ పాచి పద్యాలు. మనసులోంచి వచ్చిందైతేనే కదా బావుంటుంది? పదిహేను రోజులు కూర్చి కూర్చి రాశా. నేదాని కిండర్‌గార్టెన్ నుంచి తెచ్చేటప్పుడు దారంతా పాడి వినిపించేదాన్ని. బాగుందా అమ్మాయ్?"

రలిత్సా ఆఖరి రెండు లైన్లూ మళ్ళీ చదివింది. తాళమేసిన తలుపు. ఎవ్వరూ లేరు. ఇంకో పావుగంటలో బడి నుంచి మనిషొచ్చి, ఈ ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా అని అడగబోతోంది.

"ఎన్ని అంటించావమ్మా?" అన్నాడు కామెన్.

"వీధి తలుపు మీదొకటి, ఇక్కడొకటి. ట్రామ్ స్టాపు, రొట్టెల కొట్టు ఇంకా ఉన్నాయి. ఏరా, మొహం అలా పెట్టావేం?"

సంగతంతా మూడు ముక్కల్లో చెప్పాడు. దోన్కా కుంచె జారి చెప్పుల వరస మీద పడింది. "దేవుడా! నాకు ముందు చెప్పి చావొచ్చుగా!" అంది.

కామెన్ కత్తి పట్టుకుని మూడంతస్తులూ దూకుతూ కిందికి పరిగెత్తాడు. రలిత్సా వేడినీళ్ళూ గుడ్డా తెచ్చి తలుపు రుద్దసాగింది.

"చచ్చినవాళ్ళ కాగితం చింపకూడదే, పాపమే," అని దోన్కా పక్కన నిలబడి శిలువ గుర్తు వేసుకుంటూనే ఉంది.

"పెద్దమ్మకి నేను తర్వాత చెప్పుకుంటా అత్తయ్యా. మీరు ఆ గుడ్డ పిండండి."

ఆఖరి ముక్క ఊడదీసి జేబులో కుక్కుకునేసరికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక ఆడగొంతు ఆయాసపడుతూ, "మీరా కాగితం అంటిస్తున్నారా, చింపుతున్నారా నాయనా?" అంటోంది. "గాలికి ఊడుతుంటే సరిచేస్తున్నానండీ," అంటున్నాడు కామెన్. చేతిలో కత్తి అలాగే ఉంది.

ఆవిడ పేరు గెంచెవా. బడిలో గుమస్తా. అరవై దాటుంటాయి, కాళ్ళు వాచి ఉన్నాయి. లోపలికి వచ్చీ రాగానే, "ఇది ఈ వారంలో తొమ్మిదో ఇల్లు. ఒక్క ఇంటికీ లిఫ్టు లేదు," అని కుర్చీలో కూలబడి, ఒళ్ళో అట్ట మీద కాగితం పెట్టుకుంది. అడ్రసు కింద రెండు గళ్ళు ఉన్నాయి. నివసిస్తున్నారు, నివసించడం లేదు. రలిత్సాకి ఆ రెండు గళ్ళు తప్ప ఇంకేమీ కనబడలేదు.

గెంచెవా లేచి ఇల్లు చూసింది. పడగ్గది చూసింది. బ్రష్షులు చూసింది. సూప్ వాసన పీల్చి, "పుదీనా వేశారు. మా ఇంట్లోనూ అంతే," అంది. ఆ మాటకి రలిత్సా ప్రాణం లేచొచ్చింది. వంటింట్లో బల్ల దగ్గర నేదా రంగులేసుకుంటోంది. గెంచెవా వంగి అడిగింది.

"నీ పేరేంటి బంగారం?"

నేదా పెన్సిల్ ఆగిపోయింది. తల ఎత్తలేదు.

"ఈ ఇల్లు నచ్చిందా? ఇక్కడే ఉంటావా?"

మూడేళ్ళుగా రలిత్సా మొక్కని దేవుడు లేడు, నా బిడ్డ బయటివాళ్ళతో ఒక్క మాట మాట్లాడితే చాలని. ఇప్పుడు అదే దేవుణ్ణి, ఇవాళ్టికి మాత్రం వద్దు స్వామీ, నోరు తెరవనివ్వకు అని వేడుకుంటోంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"సిగ్గండీ దానికి," అన్నాడు కామెన్.

"పోనీలెండి, పిల్లలన్నాక," అని గెంచెవా మళ్ళీ కూర్చుంది. కలం తీసింది. మొదటి గడిలో ఒక గీత గీసింది. నివసిస్తున్నారు. ఇక కింద సంతకం ఒక్కటే మిగిలింది.

ఇంతలో దోన్కా ఊరుకోలేకపోయింది. ఆర్నెల్ల రోజున గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఊరికే పంపితే ఎలా? పంచదార చల్లిన ఉడికించిన గోధుమలు గిన్నెలో పెట్టి తెచ్చింది. "మా అక్క పేరున, తీసుకోండి."

"దేవుడు ఆవిణ్ణి మన్నించుగాక," అని గెంచెవా కళ్ళు మూసుకుని, ఒక చెంచా నోట్లో వేసుకుంది. "మా అమ్మకి కూడా వచ్చే వారం ఆర్నెల్లే. కాగితం మీద ఏం రాయించాలో తోచి చావడం లేదు. ఆ అచ్చువేసేవాడి పుస్తకం చూస్తే ఏడుపు బదులు నవ్వొస్తోంది. కింద తలుపు మీద మీది చూశాను. ఎంత బాగుందో! కింది సగం చిరిగిపోయింది, పాపం. 'ఆరు నెలలాయె నువు లేక వెస్కా, ఆగనే లేదు మా కంటినీరు.' తర్వాతేంటండీ? చెప్పరూ, రాసుకుంటాను."

ఆమె కలం సంతకం దగ్గర ఆగింది. ఇంకో చిన్న కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుంది.

దోన్కా జన్మలో మొదటిసారి నోరు మూసుకుంది. ఒకరు తన పద్యం మెచ్చి అడుగుతుంటే! పెదాలు రెండూ లోపలికి మడిచి, కళ్ళ నీళ్ళు తిరుగుతుండగా తల అడ్డంగా ఊపింది. కామెన్, "గుర్తులేదండీ," అన్నాడు. రలిత్సా జేబులో తడి కాగితం తొడకి చల్లగా తగులుతోంది.

"చీకటి కిటికీ," అంది ఒక గొంతు.

సన్నటి గొంతు. నలుగురూ తిరిగారు. వంటింటి గుమ్మంలో నేదా నిలబడి ఉంది. చేతిలో ఎర్ర పెన్సిల్. గెంచెవా మొహంలోకే చూస్తోంది. మర్చిపోయిన పెద్దవాళ్ళకి అందిస్తున్నాను కదా అని దాని కళ్ళు మెరుస్తున్నాయి. తర్వాత ఆగింది. ఇలా చెప్పొచ్చా అన్నట్టు అమ్మ వంక చూసింది.

కామెన్ కూడా రలిత్సా వంకే చూశాడు. తల అడ్డంగా ఊపు అని ఆ చూపులో రాసి ఉంది. నిజమే, ఒక్క కనుబొమ్మ ముడిస్తే చాలు. నేదా నోరు మూసుకుంటుంది. సంతకం పడుతుంది. సెప్టెంబరులో గులాబి గోడల బడి, ఇలియానా టీచరు, అన్నీ ఉంటాయి. కానీ బయటి మనిషికి వినబడేలా మొదటిసారి నోరు తెరిచిన పిల్లకి, తెరిచినందుకు తల్లి కళ్ళెర్రజేసిందన్నదే గుర్తుండిపోతుంది. మళ్ళీ ఎప్పుడు తెరుస్తుందో ఎవడు చెప్పగలడు? మాట కోసమే కదా ఈ బడి. మాటే వచ్చి గుమ్మంలో నిలబడి ఉంటే, నోరు మూసుకో అని ఎలా అనడం?

రలిత్సా మోకాళ్ళ మీద కూర్చుంది.

"చెప్పు తల్లీ," అంది. "ఆవిడకి వినపడేలా చెప్పు. మిగతాది కూడా."

నేదా ఊపిరి తీసుకుంది. నాయనమ్మ పాడే రాగంలోనే, ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పింది.

"చీకటి కిటికీ, తాళమేసిన తలుపు, నీ ఇంట ఇప్పుడెవ్వరూ లేరు."

గెంచెవా మోకాలి మీది కాగితం మీద రాసుకుంటూ రాసుకుంటూ, ఆఖరి మాట దగ్గర ఆగింది. తల ఎత్తింది. చెప్పుల వరస చూసింది. ఎవరి కాళ్ళకీ లేని చెప్పులు. ఆవిడ ఏమీ అడగకముందే రలిత్సా చెప్పేసింది. "ఇక్కడ ఉండటం లేదండీ. లూలిన్‌లో ఉంటాం." ఏడుస్తోంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. "ఇది బయటివాళ్ళతో పైకి మాట్లాడటం ఇదే మొదలు. పుట్టాక ఇదే మొదలండీ."

గెంచెవా నేదా వంక చూసింది. తర్వాత మొదటి గడిలో గీసిన గీత కొట్టేసి, రెండో గడిలో గీసింది.

"నా తొమ్మిది ఇళ్ళలో నిజం చెప్పింది మీరొక్కరే అమ్మా," అంది లేస్తూ. "అయినా ఉన్నదే రాయాలి నేను. నిజంగా ఆ వీధుల్లో ఉండి కూడా సీటు దొరకని పిల్లలున్నారు."

గుమ్మం దగ్గర ఆవిడ నేదా వైపు తిరిగి, "ఇందాక నీ పేరు చెప్పలేదు నువ్వు," అంది. అని ఊరుకోలేదు. తలుపు పట్టుకుని, వాచిన కాళ్ళ మీద అలాగే నిలబడింది. కింద ఎవరో వీధి తలుపు వేసిన చప్పుడైంది. ఆవిడ కదల్లేదు.

"నేదా," అంది నేదా.

"మంచి పేరు," అని గెంచెవా మెట్లు దిగింది.

సోమవారం జాబితా వచ్చింది. అందులో నేదా లేదు. ఉండదని తెలిసీ రలిత్సా పైనుంచి కిందికి మూడుసార్లు వెతుక్కుంది. లూలిన్ బడి, ముప్ఫై మంది, వెనక బెంచీ, అవన్నీ మళ్ళీ గుండెల మీద వచ్చి కూర్చున్నాయి. కామెన్ ఆ రోజు నుంచీ ఆమెతో సరిగ్గా మాట్లాడటం లేదు. అతని కోపం అతనిది, తప్పనడానికీ లేదు.

ఫోను పక్కన పెట్టబోయి, మళ్ళీ తీసి అత్తగారికి చేసింది.

"అత్తయ్యా, ఆ అచ్చువేసేవాడి దగ్గర పద్యాల పుస్తకం ఉందన్నారు కదా. తెచ్చిపెట్టండి."

"అవన్నీ చావు పద్యాలే కదే అమ్మాయ్! అదెందుకు ఇప్పుడు?"

"చావు పద్యాలైనా సరే," అంది రలిత్సా. "నేదాకి నేర్పండి."