ఒక చెంప మేకప్

టీవీ స్టూడియో మేకప్ గదిలో రెండే కుర్చీలు. ఒకదాంట్లో పాలక పార్టీ ప్రతినిధి, పక్కదాంట్లో ప్రతిపక్ష ప్రతినిధి. కాసేపట్లో లైవ్‌లో కత్తులు నూరుకోబోయే ఈ పెద్దమనుషులు ఇక్కడ మాత్రం ఒకే ఫ్లాస్కులోని టీ పంచుకు తాగుతారు. ముందు ఎవరికి మేకప్ పూర్తిచేసినా రెండో ఆయన అలుగుతాడు. అందుకే మేకప్ చేసే అక్క ఇద్దరికీ ముందు కుడి చెంప పూర్తిచేసి, తర్వాత ఎడమ చెంపకి వస్తుంది. ఆమెని అక్కడ అందరూ అక్కా అనే పిలుస్తారు.

ఆ సాయంత్రం చర్చ బడి పైకప్పు గురించి. మొన్న స్లాబు పెచ్చు మీదపడి కాలు విరిగిన పిల్ల అక్క పెద్దకూతురే. చిన్నది ఇంకా అదే బడిలో, పక్క గదిలో, అలాంటి బీటల కిందే కూర్చుంటోంది.

"మీ హయాంలో కట్టిందేనని నేనంటాను," అన్నాడు పాలక పార్టీ ఆయన, కళ్లు మూసుకుని పౌడరు వేయించుకుంటూ.

"అనండి. మీరొచ్చాక మరమ్మతైనా చేశారా అని నేనంటాను. మీరు పాత కాంట్రాక్టరు పేరెత్తండి. ఈలోపు బ్రేక్ వచ్చేస్తుంది," అన్నాడు ప్రతిపక్షం ఆయన. ఇద్దరూ పకపకా నవ్వారు.

అక్క ఉండబట్టలేక అడిగేసింది. "ఇంతకీ ఆ కప్పు ఎప్పుడు బాగుచేస్తారు సార్?"

"ఆయన్నడుగమ్మా," అన్నారిద్దరూ ఒకేసారి, ఒకరినొకరు చూపించుకుంటూ.

సిగ్గూ శరం ఉన్న మనుషులేనా వీళ్లు? పిల్లల నెత్తిన కప్పు కూలుతుంటే వీళ్లకి బంతాటగా ఉంది! ఇద్దరి కుడి చెంపలూ అవగానే అక్క స్పాంజి పెట్టెలో పడేసి మూత వేసింది.

"అక్కా, ఎడమ చెంప?"

"అది నాకు ముందు పనిచేసినావిడ చెయ్యాల్సింది సార్."

"ఆవిడ మానేసి రెండేళ్లయింది కదా!"

"అయితే తప్పు ఆవిడదే. నన్నంటారేంటి?"

ఇంతలో ఫ్లోర్ మేనేజర్ వచ్చి, టైమైపోయిందని ఇద్దర్నీ లాక్కెళ్లాడు. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప జిడ్డోడుతూ రెండు మొహాలూ లైవ్‌లోకి వెళ్లాయి. యాంకర్ నోరెళ్లబెట్టింది.

ఆ రోజు ఆ రెండు పార్టీలూ మొట్టమొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డాయి. తప్పంతా మేకప్ ఆవిడదేనట, వెంటనే పనిలోంచి తీసెయ్యాలట. చర్చ సాంతం దాని మీదే నడిచింది. అక్క ఉద్యోగం అక్కడికక్కడే పోయింది.

మర్నాడు ఆమె చిన్నకూతుర్ని ఇంట్లోనే ఉంచేసుకుంది. తక్కిన పిల్లలంతా బడికొచ్చి, ఆ కప్పు కిందే కూర్చున్నారు.