వినడానికి వచ్చినవాళ్ళ భోజనాలు

యూనివర్సిటీ కమిటీవాళ్ళు ఉన్నత విద్య గురించి కొత్తగా ఆలోచిస్తున్నారట. అంతకుముందు పల్లెటూరి విద్యార్థుల మాట వినాలని, మొగల్తూరు దగ్గరున్న మా ఊరికి రెండు కార్లలో వచ్చారు. నేను అడగాల్సింది ఒక్కటే. నరసాపురం కాలేజీలో జంతుశాస్త్రం డిగ్రీ ఎత్తేస్తారని చెప్పుకుంటున్నారు. బస్సులో రోజూ వెళ్ళొచ్చే దూరంలో ఆ కోర్సు ఇంకెక్కడా లేదు. హాస్టల్‌కి అమ్మ పంపదు. అది పోతే నేనూ అందరిలాగే బీకామ్‌లో కూర్చోవాలి.

నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకని చెప్పాల్సిన నాలుగు వాక్యాలూ డైరీలో రాసుకుని, ఆ కాగితం చింపి సారికకి ఇచ్చాను. సారిక చర్చిలో మైకు పట్టుకుని పాడే పిల్ల. ఆ కోర్సు కోరుకున్నది మేమిద్దరమే.

సభ పదింటికి. కానీ వచ్చినవాళ్ళు టిఫిన్ చేయకుండా ఎలా మాట్లాడతారని మా ప్రెసిడెంటు గంగరాజుగారి బెంగ.

"ఇంకో గారె వేయించుకోవాలండి. మా ఊరొచ్చి మీరు మొహమాటపడితే మాకు చిన్నతనం కాదాండీ?"

"చాలండి, చాలు. పిల్లలతో మాట్లాడాలి కదండీ," అన్నారు కమిటీ పెద్ద జ్ఞానప్రకాశంగారు.

"పిల్లలెక్కడికి పోతారండీ? వడ్డిస్తున్నది వాళ్ళేగా!"

నిజమే. ఆయన ఎవరి మాట వినడానికి వచ్చారో ఆ విద్యార్థులం చట్నీ బకెట్లు పట్టుకుని తిరుగుతున్నాం.

టిఫిన్ తర్వాత కొబ్బరిబోండాలు. ఆ తర్వాత రొయ్యల చెరువులు చూడకుండా ఎలా వెళ్తారన్నారు. తిరిగొచ్చేసరికి విస్తళ్ళు వేసి ఉన్నాయి. కొరమీను పులుసు, రొయ్యల వేపుడు, పనసపొట్టు కూర. చివరికి సభ మొదలయ్యేసరికి కమిటీలో సగం మంది కుర్చీల్లో తల వాల్చేశారు. సారిక మైకు అందుకుని "గౌరవనీయులైన" అనేలోపే జ్ఞానప్రకాశంగారు వాచీ చూసుకుని లేచారు.

"మీ ఊరి ఆప్యాయత మరువలేం. ఇక్కడి విద్యార్థులకి ఇబ్బందులేమీ లేవని మాకు అర్థమైంది," అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. సారిక కూడా కొట్టింది, అలవాటు కొద్దీ.

కారెక్కేవాళ్ళకి పూతరేకుల పెట్టెలు అందించే పని నాది. జ్ఞానప్రకాశంగారు పెట్టె పట్టుకున్నారు. నేను వదల్లేదు.

"వదలమ్మా."

"జంతుశాస్త్రం తీసెయ్యకండి సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన పెట్టెకేసి చూశారు, నాకేసి చూశారు. "ఈ ఏడు ఆ ఆప్షన్ పెట్టుకున్నది ఇద్దరే. ఇద్దరి కోసం కోర్సు ఎలా నడుపుతామమ్మా? పదిహేనుమందైనా ఉండాలి. మా కొత్త ఆలోచన అదే."

గంగరాజుగారికి అర్థమైందల్లా అతిథి ఏదో కావాలన్నారని, ఊరి దగ్గర అది లేదని. ఆయన మొహం కందిపోయింది.

"పదిహేనుమందేనాండీ? ఆయ్, పంపిస్తామండి!"

ఆ ఆదివారం ఇంటర్ పాసైన పిల్లలందరికీ కమ్యూనిటీ హాల్లో భోజనాలు పెట్టించారు. తిన్నవాళ్ళు చెయ్యి కడుక్కుని, అక్కడే ఫోన్లో డిగ్రీ ఆప్షన్ మార్చుకోవాలి. పక్కనే సారిక నిలబడి ఏది నొక్కాలో చూపించింది.

"ఒసే హేమా, ఇంతకీ జంతుశాస్త్రంలో ఏం చెప్తారే?" అని గణేష్‌బాబు నన్నడిగాడు, ఆప్షన్ మార్చేశాక.

"కప్పల గురించి చెప్తారు."

"ముందే చెప్పొద్దూ! ఆ పులుసుకి పడిపోయాను."

కోర్సు బతికింది. నాకు సీటొచ్చింది. మావాళ్ళతో కలిపి క్లాసులో పదహారుమందిమి.

మొన్న యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. గ్రామీణ విద్యార్థుల్లో జంతుశాస్త్రం మీద ఇంత ఆసక్తి ఎలా పుట్టిందో తెలుసుకోవడానికి కమిటీ మళ్ళీ వస్తుందట. ఈసారి మాతో తీరిగ్గా మాట్లాడతారట.

ఆ ఆసక్తిపరుల్లో సగం మంది ఇప్పటికీ పుస్తకాలు కొనలేదు. ఉన్న ఒక్క లెక్చరరూ వారానికి రెండు రోజులే వస్తున్నారు. ఈసారి అడగాల్సింది అదే. అందుకే ధైర్యం చేసి గంగరాజుగారి దగ్గరికి వెళ్ళాను.

"ముందు మాటలు, తర్వాత భోజనాలు పెడితే బావుంటుందేమోనండి."

"అతిథుల్ని పస్తు కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతావా తల్లీ?" అన్నారాయన నొచ్చుకుంటూ. అప్పటికే గారెలకి పప్పు నానబోయించారు.

ఇంటికొచ్చి, పూతరేకుల పెట్టెలన్నీ ఈసారీ నా చేతికే ఇప్పించమని సారికకి చెప్పాను.