ఇన్నయ్య ఆడని ఫైనల్

నేను ఒక చెక్క బల్లను. రైలు పట్టాల కింద నలిగిన పాత మొద్దులను కోసి, కాజీపేటలో ఒక ఫుట్‌బాల్ మైదానం గీత పక్కన నన్ను నిలబెట్టినవాడు శౌరయ్య. రైల్వేలో ఫిట్టర్. పైసా తీసుకోకుండా ముప్పై ఏళ్లకు పైగా బస్తీ జట్టుకు కోచ్. నా మీద కూర్చునేది ఆటలోకి దిగనివాళ్లే. అందుకని సంతోషంగా ఉన్న మనిషి బరువెంతో నాకు పెద్దగా తెలియదు.

గోల్‌కీపర్ ఇన్నయ్య శౌరయ్యకు సొంత తమ్ముడు. తల్లిదండ్రులు పోయాక అన్నే పెంచాడు, అన్నే బంతి పట్టడం నేర్పాడు. ఏటా ఓడిపోయే జట్టు ఒక ఏడాది జిల్లా ఫైనల్‌కు చేరింది. అప్పటికే ఇన్నయ్యకు చూపు మందగించింది. ఎత్తుగా వచ్చే బంతి మీదికి వచ్చేదాకా కంటికి ఆనేది కాదు. ఆ సంగతి అన్నదమ్ములిద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

ఫైనల్ రోజు పొద్దున, గ్లవ్స్ తొడుక్కుంటున్న తమ్ముడి ముందుకు వచ్చి నిలబడ్డాడు శౌరయ్య.

“ఇయ్యాల నువ్వు కూసో తమ్మీ.”

“ఇన్నేండ్లు ఓడెటప్పుడు నేనుంటి. గెలిచేనాడు కూసోవాల్నా అన్నా?”

శౌరయ్య కొత్త కుర్రాణ్ని గోల్‌లోకి పంపాడు.

ఒక్క గోల్ తేడాతో గెలిచారు. అందరూ మైదానంలోకి ఉరికారు. నా మీద ఇన్నయ్య ఒక్కడే మిగిలాడు. శౌరయ్య కప్పు తెచ్చి తమ్ముడి ఒళ్లో పెట్టబోతే, అతను చేతులు వెనక్కి లాక్కుని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ మైదానం తొక్కలేదు. అన్న ఇంటికి వెళ్తే తలుపు తీయలేదు. గెలిచిన రోజు ఫొటోను మనుషులు గోడకు తగిలించుకుంటారు. అందులో లేనివాడి గురించి అడిగేవారు ఉండరు.

కొన్నేళ్లకు ఇన్నయ్య గుండెపోటుతో పోయాడు. నెల తర్వాత, చర్చిలో అతని పేర పూజ ముగిశాక శౌరయ్య వచ్చి నా మీద కూర్చున్నాడు. వెనకే ఇన్నయ్య భార్య ఆరోగ్యమ్మ వచ్చింది.

“బావా, ఆ రోజు మల్లొస్తే మా ఆయనను ఆడిస్తవా?”

శౌరయ్య గోల్ స్తంభాల వైపు చూశాడు.

“ఆడియ్యనమ్మా. వానికి బంతి కనవడకపోతుండె.”

“అబద్ధమన్న చెప్పరాదా బావా!”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శౌరయ్య కూడా ఏడ్చాడు. మాట మాత్రం మార్చలేదు.

ఆ ఏడాదితో కోచ్ పని మానేశాడు. ఇప్పుడు గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. నన్ను షెడ్డు వెనక తుక్కులో పడేశారు. చెదలు పట్టింది. ఇక్కడ పడి ఉండి ఆయన గురించే ఆలోచిస్తుంటాను. తప్పు చేసి ఉంటే, చిన్నవాడని చూడకుండా తమ్ముడి కాళ్లయినా పట్టుకునేవాడు. చేసింది సరైన పనే కావడంతో ఆ దారి కూడా లేకపోయింది.